ఎక్కువ తూగిన గ్లైడరు

ఇన్నేళ్ళలో నేను కొన్న సరుకుల్లో నన్ను నిలువునా ముంచింది ఒక చెక్కముక్క. ఎవరో మాయమాటలు చెప్పి అంటగట్టింది కూడా కాదు. అరగంట సేపు దుకాణంలో నిలబడి, ఇరవై ముక్కలు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూసి, నా అంతట నేను ఏరుకున్నది.

మాది గోపన్‌పల్లిలో కిరాణా దుకాణం. మేనమామది లింగంపల్లిలో బియ్యం కొట్టు, పెదనాన్నది శంకరపల్లిలో బట్టల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు తూకం వచ్చేది. బెల్లం దిమ్మ చేతిలోకి తీసుకుంటే అది ఎంత తూగుతుందో తక్కెడ కంటే ముందు నేను చెప్పేవాణ్ణి. నాన్న ఆ సంగతి వచ్చిన చుట్టాలకల్లా చూపించి మురిసేవాడు. కొబ్బరికాయ కానీ, సబ్బుబిళ్ళ కానీ, ధర ఒకటే అయినప్పుడు బరువుగా ఉన్నదాన్నే తీసుకోవాలి. ఇది మాకు ఒకరు నేర్పిన సూత్రం కాదు. అన్నం కుడిచేత్తో తినాలని ఎవరైనా కూర్చోబెట్టి నేర్పుతారా?

డెబ్బైల మొదట్లో నగరంలో కాలేజీలో చేరాను. పొద్దున్నే సైకిలు మీద లింగంపల్లి స్టేషనుకు, అక్కణ్ణించి ప్యాసింజరులో నగరానికి. అక్కడ ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన మోడల్ విమానాల క్లబ్బు నడిపేవారు. కోస్తా మనిషి. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, జేబులో నొక్కితే నడిచి, మళ్ళీ నొక్కితే ఆగే గడియారం. ఒకరోజు ఆయన నల్లబల్ల మీద ఒక బొమ్మ గీసి, ఎండాకాలం సెలవుల్లో పది రోజుల శిబిరం ఉందని చెప్పారు. అక్కడ నిజమైన గ్లైడరు ఎక్కిస్తారట. ఇంజను ఉండదు. పొడుగాటి తాడు కట్టి లాగుతారు, పైకి లేచాక తాడు వదిలేస్తారు, ఇక గాలే మోస్తుంది.

"కాలేజీకి ఒకటే సీటయ్యా. నేనెవర్నీ సిఫారసు చెయ్యను. ఈ బొమ్మలో ఉన్న కొలతల ప్రకారం బాల్సా చెక్కతో గ్లైడరు చెయ్యండి. రబ్బరుతో ఎగరెయ్యండి. నా గడియారం మీద ఎవరిది ఎక్కువ సేపు గాల్లో ఉంటే వాళ్ళకే సీటు. ఒక్కొక్కరికి మూడు విసుర్లు."

గ్లైడరు ముక్కు కింద చిన్న కొక్కెం. పిడికెడు కర్రకు కట్టిన రబ్బరును ఆ కొక్కానికి తగిలించి, లాగి వదలాలి. మేము పిట్టల్ని కొట్టే గులేరు ఎలాగో ఇదీ అంతే. రాయికి బదులు రెక్కలున్న వస్తువు. ఇంతేనా అనుకున్నాను.

ఆ సీటు కోసం నాకు పుట్టిన ఆశ ఎలాంటిదో చెప్పలేను. అప్పటిదాకా నాకు కావలసిన ప్రతిదాన్నీ నేను గీచిగీచి బేరమాడి తెచ్చుకున్నాను. ఆకాశం నుంచి మా ఊరు చూడటం ఏ అంగట్లోనూ దొరకదు. రాత్రీ పగలూ అదే ధ్యాస. నాన్నతో మాత్రం బేరం తప్పలేదు.

"పది దినాలా? ఎండాకాలంల పెండ్లిళ్ళ గిరాకీ. దుకాణం ఎవడు చూడాలెరా?"

"సీటొస్తేనే పోత, నాయినా. రాకుంటే ఎండాకాలమంత గల్లా కాడికెళ్ళి లేవను."

నాన్న చింతపండు ఈనెలు తీస్తూనే అన్నాడు. "లేవనన్నవు గద. రాకుంటే ఇగ ఈ చెక్కపని బంద్. మల్ల నా ముందట విమానం అనే మాట రావద్దు."

"సరే."

ఇలా నా వైపు నుంచి ఏమేం పెట్టాలో అన్నీ పెట్టేశాను.

బాల్సా దొరికేది సికింద్రాబాదులో ఒకేఒక్క బొమ్మల దుకాణంలో. యజమాని ముసలాయన, నెత్తిన టోపీ, బల్ల వెనక చిన్న రేడియో. బాల్సా పలకలు పుస్తకాల్లాగ నిలబెట్టి ఉన్నాయి. ధర అడిగాను, చెప్పాడు. సగం అన్నాను. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు, రేడియో గొంతు కొంచెం పెంచాడు. ఇంకొంచెం పెంచి అన్నాను. ఆయనా రేడియో ఇంకొంచెం పెంచాడు. బయటికి వెళ్ళిపోతున్నట్టు రెండడుగులు వేశాను. పిలవలేదు. నా అంతట నేనే తిరిగి వచ్చాను. బేరగాడి బతుకులో అంతకంటే సిగ్గుచేటు ఉండదు.

"రేటు ఒకటే బాబూ. మాల్ మాత్రం నువ్వే చూసుకో. ఏది కావాల్నంటే అది తీస్కో."

ధర దగ్గర ఓడినవాడు సరుకు దగ్గర గెలవాలి కదా. ఒక్కో పలక తీసి అరచేతిలో పెట్టుకుని తూచడం మొదలుపెట్టాను. చూడ్డానికి అన్నీ ఒకటే. కొన్ని మాత్రం దూదిలా తేలిపోతున్నాయి, గోరుతో నొక్కితే గుంట పడుతోంది. కొన్ని గట్టిగా, నిండుగా ఉన్నాయి. ఒకే ధరకు ఇంత తేడా! ఈ ముసలాయనకు తన సరుకు సంగతి తనకే తెలియదనుకుని లోలోపల నవ్వుకున్నాను.

ఆయన రేడియో తగ్గించి నన్నే చూస్తున్నాడు. "జర హల్కా చూస్కో, బాబూ. హల్కాది మంచిది."

చూశారా, అనుకున్నాను. తేలిగ్గా గుల్లబారిన సరుకు నా నెత్తిన రుద్దాలని చూస్తున్నాడు. మా నాన్న పుచ్చిన కందిపప్పును "తొందరగ ఉడుకుతది" అని అమ్మడం నేను చూడలేదా? "హల్కాది మీరే ఉంచుకోండ్రి సేట్," అన్నాను. ఆయన రెండు చేతులూ పైకెత్తి మళ్ళీ రేడియో వైపు తిరిగాడు. అన్నిట్లోకీ బరువైనవి మూడు పలకలు ఏరాను. ధర తగ్గించలేదు కాబట్టి కొసరు పెట్టమని పట్టుబట్టాను. ఆయన నిట్టూర్చి, మూల నుంచి ఒక ముక్క తీసి ఇచ్చాడు. ఎత్తి చూశాను. అదీ మంచి బరువే. రైల్లో ఆ మూట ఒళ్ళో పెట్టుకుని రాజాలా కూర్చున్నాను.

దుకాణం వెనక గదిలో, చింతపండు బుట్టల మధ్య పని సాగింది. పాత బ్లేడుతో రెక్క కోశాను, తోక కోశాను. లెక్చరర్ గారి బొమ్మ ప్రకారం రెక్క ముందు అంచు గుండ్రంగా, వెనక అంచు కాగితంలా పలచగా గరుకుకాగితంతో రుద్దాలి. రుద్దడం మొదలుపెట్టగానే నాకు గుండె తరుక్కుపోయింది. డబ్బు పోసి, ఏరి, తూచి తెచ్చిన చెక్క నా కళ్ళ ముందే పొడి అయి రాలిపోతోంది. మా భాషలో దాన్ని తరుగు అంటారు. మిర్చి ఎండితే తరుగు, బెల్లం కారితే తరుగు. తరుగు ఎంత తగ్గిస్తే దుకాణం అంత నిలబడుతుంది. పైపైన నాలుగు సార్లు రుద్ది, నున్నగా ఉంది కదా అని వదిలేశాను.

నాన్న తలుపు దగ్గర నిలబడి చూశాడు. "ఏందిరా అది, గంత దిట్టంగుంది?"

"గట్టిగుంటది, నాయినా. రాయికి తాకినా ఏం గాదు."

"మంచిగనే చేసినవ్. బట్టలు ఉతుక్కోవచ్చు దాంతోని."

గోపన్‌పల్లి నుంచి గచ్చిబౌలి వైపు పోతే అప్పట్లో అంతా గుట్టలే. ఇప్పుడు ఆఫీసు బస్సులు మలుపు తిరిగే చోట, ఏనుగుల మంద పడుకున్నట్టు గుండురాళ్ళు, మధ్యలో తుమ్మ చెట్లు, చదునుగా కొంత గడ్డి నేల. ఆదివారం పొద్దున అక్కడికి తీసుకెళ్ళి రబ్బరు తగిలించి, చెవిదాకా లాగి వదిలాను.

రివ్వున పోయింది. పోయి పోయి, పైకి లేవకుండా, ఎదుటి తుమ్మకంపలో గుచ్చుకుంది.

కొంచెం పైకి గురిపెట్టాను. లేచింది, లేచిన చోటే ఒక్క క్షణం ఆలోచించి, ముక్కు కిందికి పెట్టి నేలలో దిగబడింది. మేకల్ని కాస్తున్న పెద్దాయన ఒకరు కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "పటేలా, ఏం కొడ్తున్నవ్? కుందేలా?" అన్నాడు.

"విమానం, తాతా."

"అగో, మరి పైకి పోవాలె గద."

తోక బరువైందేమోనని ముక్కుకు మైనం అద్దాను. ఇంకా తొందరగా దిగింది. ముక్కు విరిగితే జిగురు పెట్టి అతికించాను, అతుకు గట్టిగా ఉండాలని పైన ఇంకో చెక్కపట్టీ వేశాను. ఆ పట్టీ ఎక్కడిది? కొసరుగా వచ్చిన ముక్కలోది. ముందు బరువెక్కిందని వెనక ఒక చీల గుచ్చాను. ఇలా మూడు ఆదివారాలు. ఒక్కో అతుకూ ఒక్కో పలుకుబడి గల చుట్టంలా వచ్చి నా గ్లైడరు మీద కూర్చుంది, ఒక్కటీ దిగలేదు. నా నోట్లో అంకెలు లెక్కపెడితే ఆరు దాటిన రోజు లేదు. నాలుగో ఆదివారం దాన్ని కాలితో తన్నాను. కాలికే దెబ్బ తగిలింది.

క్లబ్బులో తక్కినవాళ్ళు మధ్యలోనే మానేశాక నాతో పోటీకి మిగిలినవాడు ఒక్కడే. గుంటూరు వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. మాట తక్కువ మనిషి. ఒకరోజు క్లబ్బు గదిలో లెక్చరర్ గారు అతని గ్లైడరు నా ఎడమ చేతిలో పెట్టారు. నాది కుడిచేతిలో ఉంది.

"ఏం తెలుస్తోందయ్యా నీకు?"

ఏం తెలియడం ఏమిటి! నా చెయ్యి నన్ను జీవితంలో మొదటిసారి వెక్కిరించింది. ఎడమ చేతిలో ఏమీ ఉన్నట్టే లేదు. కిటికీలోంచి వచ్చే గాలికే అది అరచేతి మీద కదులుతోంది. కొలతలు ఒకటే, బొమ్మ ఒకటే. నాది దానికి రెండింతలు తూగుతుంది, కొంచెం ఎక్కువే.

"ఇది గ్లైడరా, అప్పడాల పీటా? బాల్సా తేలిగ్గా ఉండాలని నీకెవరూ చెప్పలేదా?"

చెప్పారు. టోపీ పెట్టుకుని మరీ చెప్పారు. నేనే వినలేదు. ఆ మాట మాత్రం ఆయనకు చెప్పలేదు.

పోటీకి ఇంక వారమే ఉంది. సికింద్రాబాదు పరుగెత్తాను. ముసలాయన నన్ను చూడగానే రేడియో పూర్తిగా కట్టేశాడు. నా అవస్థ వినడానికి అంత ఉబలాటం.

"హల్కాది కావాలె, సేట్."

"ఆ దినమే చెప్పిన గద."

"మీరు అంటగడ్తున్నరనుకున్న."

ఆయన బల్ల పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "అరె బాబూ, మాకు అంటగట్టే పరేషాన్ ఉండేదే ఆ బరువు మాల్‌తోని. తెలిసినోడు ఒక్కడు ముట్టడు. మూడేండ్ల సంది పడి ఉండె. నువ్వొచ్చి ఏరుకొని పట్కపోయినవ్. కొసరు అడిగి మరీ పట్కపోయినవ్!"

కిరాణా కొట్టు వాడి కొడుకు ఒక బొమ్మల కొట్టులో పాత సరుకు మొత్తం ఖాళీ చేసి వచ్చాడన్నమాట. ఈ సంగతి మా చుట్టాల్లో తెలిస్తే నాకు పిల్లను కూడా ఇవ్వరు. తేలిక పలక ఒక్కటే మిగిలి ఉంది, దాని అంచున సొట్ట. నేను నోరెత్తకుండా అడిగిన ధర ఇచ్చాను. ఆయనకే జాలి వేసినట్టుంది, సొట్టకని చెప్పి కొంచెం తగ్గించాడు.

ఈసారి రుద్దాను. వేళ్ళ చివర్లు మండేదాకా రుద్దాను. తెల్లటి పొడి చింతపండు బుట్టల మీద పడితే నాన్న అరిచాడు, అయినా రుద్దాను. అంతకు ముందు రాల్చడానికి ఏడ్చిన చేతులే ఇప్పుడు ఇంకా ఎక్కడ రాల్చవచ్చా అని వెతికాయి.

కాలేజీ మైదానం చాలదని పోటీ మా గుట్టల దగ్గరే పెట్టారు. లెక్చరర్ గారు, ఆ హాస్టల్ కుర్రాడు పొద్దుటి రైల్లో లింగంపల్లి వచ్చి, అద్దె సైకిళ్ళ మీద వచ్చారు. పన్నెండింటి ప్యాసింజరుకు తిరిగి వెళ్ళిపోవాలి, ఆ తర్వాత సాయంత్రందాకా రైలు లేదు. నాన్న దుకాణం మూసి వచ్చాడు. నా కోసం కాదు, బేరంలో తన వంతు తేల్చుకోవడానికి.

ముందు అతను విసిరాడు. మూడింట్లో మంచిది పంతొమ్మిది సెకన్లు.

నా మొదటి విసురు తొందరపడి వదిలాను. గ్లైడరు పక్కకు వాలి దిగిపోయింది. ఎనిమిది.

రెండోసారి ఎండ బాగా ఎక్కింది. రాళ్ళ మీది నుంచి వేడిగాలి ముఖానికి కొడుతోంది. కొంచెం కుడికి వంచి వదిలాను. లేచింది. నేను ఆ నెల రోజులూ కలలో చూసినట్టు లేచింది. పైన మెత్తగా తిరిగి, రెక్కలు చాచి, ఎడమకు పెద్ద సున్నా చుట్టింది. నాన్న అలవాటు ప్రకారం మానికలతో వడ్లు కొలిచినట్టు లెక్క పెడుతున్నాడు. "లాభం... రెండు... మూడు..." మా కొలతల్లో ఒకటి అనరు, లాభం అంటారు. పది దగ్గర కూడా అది దిగలేదు. రాళ్ళ వేడి దాన్ని పైకి నెడుతోంది. రెండో సున్నా చుట్టింది. నేను ఎగురుతున్నాను. పదిహేను. అప్పుడు గాలి మారింది. గ్లైడరు అలా తేలుతూ తేలుతూ ఎత్తైన గుండ్ల వెనక్కి పోయింది.

లెక్చరర్ గారు గడియారం నొక్కారు. "పదిహేడు."

"సార్! అది ఇంక ఎగురుతనే ఉంది!"

"ఉండొచ్చయ్యా. కనపడకుండా పోతే గడియారం ఆపెయ్యాలి. అదే రూలు."

"దిగలేదు సార్. చెట్టు కంటె ఎత్తుల పోయింది. కనీసం ఇంకో పది సెకన్లు. పోనీ ఐదు. మూడన్న కలపండి సార్."

నాకే వినిపించింది, నేను సెకన్లు బేరమాడుతున్నానని. ఆయన నోరు తెరిచేలోపు నాన్న వైపు తిరిగాను. "నాయినా, నువ్వు చెప్పు. అది పడ్డదా?"

నాన్న చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఇలాంటి తగువుల్లో ఊళ్ళో అందరూ ఆయన మాట అడుగుతారు. "పడలేదు," అన్నాడు. ఆ తర్వాత రుమాలు మడుస్తూ, "గని సారు చెప్పింది సై. కండ్ల ముంగట లేని మాల్ తూకానికి రాదు," అన్నాడు.

కన్నతండ్రి! నా తరఫున మాట్లాడమంటే న్యాయం మాట్లాడాడు. ఆ క్షణం నాకు ఆ గుండురాళ్ళన్నీ ఎత్తి ఎవరి మీదైనా వెయ్యాలనిపించింది.

"ఇంకో విసురుందిగా. వెళ్ళి తెచ్చుకో. పదకొండున్నరకి నేను బయల్దేరాలి," అన్నారు లెక్చరర్ గారు.

పరుగెత్తాను. గుండ్ల వెనక తుమ్మపొదలు, ఉలవచేను, ఎండిన వాగు. ఎక్కడా లేదు. పదిహేడుకు పైన అది ఎంత సేపు ఎగిరిందో నేల మీద వెతుకుతున్నకొద్దీ తెలుస్తోంది, తెలిసినకొద్దీ ఒళ్ళు మండుతోంది. మేకల తాత దూరం నుంచి కర్రతో పైకి చూపించాడు. ఒకదాని మీద ఒకటి నిలబడిన మూడు గుండ్ల మీద, పైదాని అంచున, తెల్లటి రెక్క కొన కనిపించింది.

చెప్పులు విడిచి ఎక్కాను. రాయి కాలుతోంది. మొదటి గుండు ఎక్కి జారాను, మోకాలు గీరుకుపోయింది. వెనకవైపు నుంచి చీలికలో కాలుపెట్టి, మర్రి ఊడలాంటి ఒక వేరు పట్టుకుని పైకి చేరేసరికి ఎంతసేపైందో తెలియదు. గ్లైడరుకు ఒక్క గీత పడలేదు. చేతిలోకి తీసుకుంటే ఊపిరి తీసుకుంటున్నట్టు కదిలింది. పైనుంచి చూస్తే మైదానం మొత్తం కనిపించింది. అక్కడ నాన్న లెక్చరర్ గారి సైకిలు హ్యాండిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు.

ఏం చెప్పాడో ఆ తర్వాత తెలిసింది. సారుకు ముందు మజ్జిగ తెప్పించాడట. ఇంకో గ్లాసు తాగమన్నాడట. లింగంపల్లిలో రైలు ఎప్పుడూ వేళకు రాదని ఒట్టు పెట్టుకున్నాడట. దారిలో చెరువు తెగిందన్నాడట, ఎండాకాలంలో. ఆయన గడియారం ఎక్కడ కొన్నారో, ఎంతయిందో, ఎన్నేళ్ళ నుంచి నడుస్తోందో అడిగాడట. వచ్చిన గిరాకీని ఎంత సేపైనా నిలబెట్టగల మనిషి, తనకు వచ్చిన విద్యనంతా ఆ ఎండలో గుమ్మరించాడు.

"మీ వాడి మీద నాకూ ఇష్టమేనండి. కానీ రైలు నా మాట వినదు కదండీ," అని లెక్చరర్ గారు సైకిలెక్కారట.

పైనుంచి నేను చూసింది ఇంతే. రెండు సైకిళ్ళు లింగంపల్లి దారి పట్టాయి. "సార్" అని అరిచాను. గుండ్లలో నా గొంతే తిరుగుతూ నాకు వినిపించింది. రెండో సైకిలు మీది కుర్రాడు ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపుతున్నాననుకున్నాడో ఏమో, మళ్ళీ తొక్కుకుంటూ పోయాడు.

దిగేటప్పుడు గ్లైడరును పళ్ళతో పట్టుకున్నాను. సగంలో జారాను. తోక పుటుక్కున విరిగింది.

నాన్న ఖాళీ గ్లాసులు పట్టుకుని మైదానంలో ఒక్కడే ఉన్నాడు. విరిగిన తోక చూశాడు. నా మోకాలు చూశాడు. "నువ్వట్ల తీర్పు చెప్పకుంటే..." అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. నాన్న గ్లాసులు చంకన పెట్టుకుని దుకాణం తెరవడానికి నడిచాడు.

ఆ ఎండాకాలమంతా నేను గల్లా దగ్గర కూర్చున్నాను. మాట మాటే. పెళ్ళిళ్ళకు బెల్లం, నెయ్యి, పోకచెక్కలు తూచాను. ఎవరు కొసరు అడిగినా కసిరాను. కాలేజీ తెరవగానే ఆ హాస్టల్ కుర్రాణ్ణి క్యాంటీన్‌లో పట్టుకుని ఎదురుగా కూర్చోబెట్టాను. అంతా చెప్పమన్నాను. తాడు ఎంత పొడుగు, సీటు ఎలా ఉంటుంది, చెవుల్లో గాలి హోరు వస్తుందా, మనుషులు కనిపిస్తారా. అతను నెమ్మదిగా, దాచుకోకుండా చెప్పాడు. తాడు వదలగానే చప్పుడంతా ఆగిపోయిందట.

"ఎంత సేపు తిప్పిన్రు?"

"నాలుగు నిమిషాలుంటుందండి. ఒక చుట్టు."

"ఒకటే చుట్టా? ఇంకోటి తిప్పమనకపోయినవ్?"

అతను టీ గ్లాసు కింద పెట్టి నా వంక అయోమయంగా చూశాడు. "అడగొచ్చని తెలీదండి," అన్నాడు.

పది రోజుల శిబిరం. అంతమంది కుర్రాళ్ళు. ఒక్కడు కూడా కొసరు అడగలేదట.